ఎర్రలకు పాలు పోసిన చవితి

నా సర్వీసులో మూడు వేల ఇళ్ళలో వానపాముల ఎరువు డబ్బాలు పెట్టించాను. రిటైరైన రోజు శాలువా కప్పి మైకు చేతికిచ్చినప్పుడు ఈ మాటే చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు అదే మాట కాగితం మీద పెడుతుంటే కలం మొరాయిస్తోంది. మూడు వేలు కాదు, ఆరు వందలు ఉంటాయి. మైకుకి జ్ఞాపకం ఉండదు, కాగితానికి ఉంటుంది. అందుకే దిద్దుకుంటున్నాను.

విశాఖపట్నం శివార్లలో ఒక సంస్థ ఉద్యోగుల ఇళ్ళ కాలనీ ఉంది. దాని తోటల విభాగంలో ముప్పై ఒక్క ఏళ్ళు సూపర్‌వైజరుగా చేశాను. సంస్థ పేరు రాయను. నేను వాళ్ళ పేరు రాస్తే వాళ్ళు నా గురించి ఇంకేవేవో రాస్తారు. ఆ విభాగంలోకి, అలాంటి విభాగాల్లోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎవరు సంతకం పెట్టారు అన్నవి ఇందులో ఉండవు. అవి మీకూ వస్తాయి, మీరూ మరిచిపోతారు.

ఇంట్లో వానపాముల డబ్బా కట్టడం ఎలాగో ఇందులో ఉంది. అది పది నిమిషాల చదువు. మిగతా చదువుకి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. అందులో సగానికి పైగా అప్పలనరసమ్మ దగ్గర చదివాను. ఆవిడ మా ఎరువు షెడ్డులో కాంట్రాక్టు మీద పనిచేసేది. నేనాడిన ఒక అబద్ధం వల్ల ఆ షెడ్డు మూతపడే, ఆవిడ మళ్ళీ రోడ్డు మీద చీపురు పట్టుకునే పరిస్థితి వచ్చింది. అది ఎలా వచ్చిందో చెప్పడానికే ఇదంతా.

ముక్కు

నా మొదటి ఆఫీసరు మూర్తిగారు. నేను చేరిన వారానికి ఎరువు గుంట దగ్గరికి తీసుకెళ్ళారు. ఇస్త్రీ ప్యాంటుతో గొంతుకూర్చుని, గుప్పెడు తీసి వాసన చూసి, అదే గుప్పెడు నా ముక్కు దగ్గర పెట్టారు.

"ఏం వాసన?"

"ఎరువు వాసన సార్."

"ఎరువుకి ఎరువు వాసన ఉండదయ్యా. తొలకరి పడ్డ మట్టి వాసన రావాలి. ఇంకేం వాసన వచ్చినా అది ఇంకా చెత్తే."

ఈ ఉద్యోగం మొత్తం ఆ మాటలో ఉంది. పుల్లటి వాసన వస్తే తడి ఎక్కువైంది. కుళ్ళిన గుడ్డు వాసన వస్తే లోపలికి గాలి ఆడడం లేదు. ఘాటుగా ముక్కుపుటాలు మండితే పేడ పచ్చిది. ఏ వాసనా లేకపోతే ఎండిపోయింది. తర్వాత వచ్చిన ఆఫీసర్లు చాలామంది ఫైలు చూసి డబ్బా సంగతి చెప్పేవారు. మూర్తిగారు డబ్బా చూసి ఫైలు సంగతి చెప్పేవారు. ఆయనకి కోపం ఎక్కువ, జ్ఞాపకం తక్కువ. పొద్దున్న తిట్టింది మధ్యాహ్నానికి మరిచిపోయేవారు. ఆఫీసరుకి ఈ రెండూ ఉంటే కిందివాడు హాయిగా పని నేర్చుకుంటాడు.

నాటువి, సీమవి

"ఎర్రలు కావాలి, పట్టుకురా" అన్నారు మూర్తిగారు ఒకసారి. పుస్తకాల్లో వానపాము అంటారు గానీ మా వైపు ఎర్ర అనే అంటాం. నేను పల్లెలో పుట్టినవాణ్ణి, ఎర్రలు పట్టడం నాకొక లెక్కా? వాన వెలిసిన పొద్దున్న గెడ్డ ఒడ్డుకి వెళ్ళి, తవ్వి, బుట్టెడు తెచ్చాను. ఒక్కోటి మూరెడు పొడవు. సరే, జానెడు. డబ్బాలో వేసి, అరటితొక్కలు, కూరగాయ తొక్కలు వేసి, వారం ఆగి మూత తీశాను. తొక్కలు అలాగే ఉన్నాయి, ఎర్రలు లేవు. కొన్ని డబ్బా దిగి సిమెంటు గచ్చు మీద ఎండి తాళ్ళలా పడి ఉన్నాయి.

మా ట్రాక్టర్ డ్రైవరు అప్పారావు వచ్చి చూసి నడుం మీద చెయ్యేసుకున్నాడు.

"నాటుకోడిని తెచ్చి మేడ మీద పెంచుతానంటే ఉంటాదేటి బావా? గోడెక్కి పోద్ది."

వాడు సరదాకి అన్నా సంగతి అదే. పొలంలో ఎర్ర లోతుకి దిగి మట్టి తింటూ బతికే జీవి. దానికి మన వంటింటి తొక్కలతో పని లేదు, జానెడు లోతు బకెట్లో దానికి ఊపిరాడదు. డబ్బాకి కావలసినవి వేరే రకం. చిన్నవి, ముదురు ఎరుపువి, పైపైనే ఉంటూ కుళ్ళే చెత్త తినేవి. మేం వాటిని సీమ ఎర్రలు అనేవాళ్ళం. కొత్తగా చేరినవాళ్ళు ఇప్పటికీ ఈ తప్పు చేస్తారు. చెయ్యండి, కానీ ఒక్కసారే.

సీమ ఎర్రల్ని మొదటిసారి నేనే ఊళ్ళోకి మోసుకొచ్చాను. తడి గోనెసంచిలో కట్టుకుని మద్దిలపాలెం డిపోలో బస్సెక్కాను. దారిలో సంచి ముడి వదులైంది. నాలుగు ఎర్రలు ముందు సీటాయన చొక్కా మీదికి పాకాయి. బస్సు బస్సంతా కేకలు పెట్టి దిగిపోయిందని ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చాను. దిగింది ఒక్కడే. అతని స్టాపు అదే.

ఆ సంచి విప్పిన రోజే అప్పలనరసమ్మ షెడ్డుకి వచ్చింది. అంతకుముందు లారీలు తిరిగే పెద్ద రోడ్డు ఊడ్చేది. దుమ్ముకి దగ్గు పట్టుకుంది. మాట మధ్యలో మూడుసార్లు దగ్గేది. షెడ్డులో నీడ, తడి, మట్టి. రెండో వానాకాలానికి దగ్గు తగ్గింది. అప్పటినుంచి మాట మధ్యలో మూడుసార్లు నన్ను దెప్పడం మొదలుపెట్టింది.

డబ్బా

ఇప్పుడు పని చెబుతాను. గోడలకి రంగులు వేసేవాళ్ళు వదిలేసే పెద్ద ప్లాస్టిక్ బకెట్లు రెండు తీసుకోండి. బాగా కడగండి. ఒకదానికి అడుగున, పై అంచు కింద చుట్టూ, కాల్చిన మేకుతో చిల్లులు పెట్టండి. అడుగు చిల్లులు నీరు దిగడానికి, పైవి గాలికి. రెండో బకెట్లో రెండు ఇటుక ముక్కలు పెట్టి, వాటి మీద చిల్లుల బకెట్ నిలబెట్టండి. కింద దిగిన నీరు పారబోయకండి, పదింతల నీళ్ళు కలిపి మొక్కలకి పొయ్యండి.

అడుగున రెండు వేళ్ళ మందం కొబ్బరి పీచు వెయ్యండి. దాని మీద చింపి తడిపిన న్యూస్‌పేపరు, దాని మీద వేడి చల్లారిన పాత పేడ, ఒక గుప్పెడు మామూలు మట్టి. పచ్చి పేడ వేస్తే లోపల కాగుతుంది, ఎర్రలు ఉడికిపోతాయి. వారం ఆగి చెయ్యి పెట్టి చూడండి, చల్లగా ఉంటేనే ఎర్రల్ని వదలండి. పైన తడి గోనె కప్పండి. తొక్కలు ఒక మూల కొంచెం వేసి, అవి తిన్నాక రెండో మూల వెయ్యండి. నిమ్మ డిప్పలు, ఊరగాయ, పెరుగు, నూనె కూర, చేప ముళ్ళు వద్దు. నీడలో పెట్టండి. మన ఊరి ఉక్కపోత మనుషులకే పడదు, వాటికేం పడుతుంది? చీమలు వస్తే బకెట్ని నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టండి.

తడి ఎంత ఉండాలన్నదే అందరూ అడుగుతారు. నేను క్లాసుల్లో శాతాలు చెప్పేవాణ్ణి. అప్పలనరసమ్మ ఒకసారి అడ్డం వచ్చి చెప్పింది.

"తల తుడుసుకున్న తువ్వాలనాగుండాల. తలంటుకున్న జుట్టునాగుండకూడదు. అంతే కదేటి."

అప్పటినుంచి శాతాలు మానేశాను. ఆ మాట నాదేనని రెండు మూడు చోట్ల చెప్పుకున్నాను కూడా.

నా సొంత తెలివి ఒకటి ఇక్కడే చెప్పాలి. యారాడలో తెలిసిన జాలరి ఒకాయన పాత థర్మోకోల్ చేపల పెట్టెలు ఇస్తానన్నాడు. థర్మోకోల్ ఎండ వేడిని లోపలికి రానివ్వదు. ఇంతకంటే మంచి డబ్బా ఉంటుందా? ప్రపంచంలో ఎవరికీ తట్టని ఆలోచన అనుకున్నాను. పది పెట్టెలు తెచ్చి, ఒక్కసారి నీళ్ళతో కడిగి, ఎర్రల్ని వదిలాను. మర్నాడు పొద్దున్నకి ఎర్రలన్నీ మూత లోపలివైపు గుత్తులుగా వేలాడుతున్నాయి. కింద మిగిలినవి వడలిపోయాయి. మేత మార్చాను, తడి మార్చాను. అప్పలనరసమ్మ పెట్టె గోడ మీద వేలు రాసి నాలిక చివర పెట్టుకుంది.

"ఉప్పు బాబూ. ఎండుసేపల్లాగ ఊరబెట్టీసేరు."

వేలు నాలిక మీద పెట్టుకునే మనిషి పక్కన ఉంటే మూడు నెలల పరిశోధన తప్పుతుంది. మనకి ఎవరు ఏ ఉద్యోగంలో ఉన్నారన్నది అనవసరం, ఎవరు నాలిక పెట్టి చూస్తున్నారన్నదే ముఖ్యం.

మేడమ్ ముందు నా నోరు

నా సర్వీసు చివరి సంవత్సరాల్లో కొత్త ఆఫీసరు వచ్చారు. వయసులో చిన్నావిడ. మేడమ్ అనే రాస్తాను. ఒకరోజు షెడ్డు దగ్గరికి వచ్చి నాలుగు వైపులా చూశారు. కాలనీలో కార్లు పెరిగిపోయాయి, నిలపడానికి చోటు లేదు, అందరి కళ్ళూ ఈ షెడ్డు మీద ఉన్నాయని నాకు ముందే తెలుసు.

"ఈ షెడ్డు ఎర్రలు ఎన్ని ఇళ్ళలో ఉన్నాయి సన్యాసిరావు గారూ?"

ఆ సమయానికి బతికున్న డబ్బాలు పదకొండు. మిగతావి జనం మొదట్లో మోజుపడి, తర్వాత బట్టలు నానబెట్టుకోవడానికి వాడేసుకున్నారు. పదకొండు అని చెబితే సరిపోయేది.

"ఇప్పుడు సంగతి వదిలెయ్యండి మేడమ్. దీపావళి వెళ్ళేసరికి ఒక్క మూడో వీధిలోనే ముప్పై ఇళ్ళలో పెట్టించి చూపిస్తాను."

మేడమ్ నా వైపు చూశారు. "సరే. నాగుల చవితి అయిన నాలుగో రోజు నేనే వచ్చి ముప్పై డబ్బాలూ మూత తీసి చూస్తాను. బతికి ఉంటే షెడ్డు ఉంటుంది. లేకపోతే ఇక్కడ కార్లు పెట్టుకుంటారు. షెడ్డు మనిషిని తిరిగి రోడ్డు డ్యూటీకి పంపుతాను."

షెడ్డు మనిషి బుట్టతో వెనకే నిలబడి ఉంది. మేడమ్ వెళ్ళాక బుట్ట కింద పెట్టింది.

"ముప్పయ్యని ఎవులు సెప్పమన్నారు బాబూ?"

"నోటికి అదే వచ్చింది నరసమ్మా."

"మీ నోటికి నాను సీపురట్టుకోవాలా?"

కరపత్రాల కట్ట తీసుకుని మూడో వీధి దారి పట్టాను.

పైడితల్లమ్మ గారి గుమ్మం

మూడో వీధిలో మొదటి ఇల్లు పైడితల్లమ్మ గారిది. కొడుకు ఉద్యోగం మీద ఆవిడ ఆ క్వార్టర్‌లో ఉంటున్నారు. శ్రీకాకుళం వైపు రైతు కుటుంబం. వీధిలో ఎవరింట్లో శుభకార్యమైనా, తగువైనా ఆవిడ మాట లేకుండా తేలదు. ఆవిడ సరేనంటే వీధి సరే.

ఇక్కడే పొరపాటు జరిగింది. ఎర్రలు అనకుండా, చేతిలో ఉన్న ఆఫీసు కరపత్రంలో మాట చదివాను. "వానపాములు పెంచండమ్మా" అన్నాను.

"పాములేటి బాబూ, ఇంట్లోనా?" అన్నారు ఆవిడ.

తెలివైనవాడైతే "పాములు కాదమ్మా, ఎర్రలు" అని ఉండేవాడు. నా బుర్రలో మాత్రం ముప్పై అంకె తిరుగుతోంది. ముప్పై ఇళ్ళు, పదిహేను రోజులు, చీపురు. నోరు దానంతట అది తెరుచుకుంది.

"పాములే అమ్మా. మామూలువి కావు. నాగరాజు పిల్లలు. భూమిని లోపలినుంచి మోసేది ఇవే. ఇంట్లో ఉంటే చల్లగా ఉంటుంది. ఉత్తరం వైపు పెట్టుకుంటే ఇంకా మంచిది."

ఉత్తరం వైపు ఎందుకన్నానంటే ఆ ఇంటికి నీడ అటే ఉంది. ఆ ఒక్క ముక్క నిజం.

ఆవిడ నన్ను చాలాసేపు చూశారు. కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"అలగా," అన్నారు. "అయితే పెట్టండి."

సాయంత్రానికి ఆవిడ కోడలు ఆ బకెట్‌కి పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపువ్వు గుచ్చి ఫోటో తీసి వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. మర్నాడు నేను ఒక్క గుమ్మం తట్టలేదు, వాళ్ళే ఫోన్లు చేశారు. పది రోజుల్లో ముప్పై ఇళ్ళు నిండాయి. నేను బోర విరుచుకుని తిరిగాను. మనుషుల్ని ఒప్పించే విద్యలో నన్ను మించినవాడు లేడని అప్పారావుతో అన్నాను.

"ఒప్పుకున్నాను బావా," అన్నాడు వాడు. "ఈ ఊపున ఎల్తే వచ్చే ఏటికి నీ ఎర్రలకి గుడి కట్టీగలవు."

అప్పలనరసమ్మ బకెట్లు నింపి ఇస్తూ ఉంది. ఒక్కో దాంట్లో రెండు గుప్పిళ్ళ ఎర్రలు వెయ్యమన్నాను. ఆవిడ తల ఊపింది. ఏం చెప్పి ఒప్పించానో ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

చవితి

పాముల పండగకి ముందు పాము పేరున్న జీవిని ముప్పై ఇళ్ళలో పెట్టి, అది నాగరాజు సంతానమని చెప్పినవాడికి ఆ రోజు ఏం జరుగుతుందో తోచకపోవడం ఆశ్చర్యమే. నాకు తోచలేదు. కరపత్రంలో చవితి గురించి లేదు.

మా వైపు చవితినాడు పుట్టలో పాలు పోస్తాం. గుడ్డు, చిమ్మిలి, చలిమిడి వేస్తాం. దీపావళికి మిగిలిన టపాసులు అక్కడే కాలుస్తాం. ఆ రోజు పొద్దున్న ఎనిమిదింటికి నా ముప్పై డబ్బాల వీధిని మురిపెంగా చూసుకుందామని వెళ్ళాను. మొదట చీమలు కనబడ్డాయి. ఒక గేటు కిందనుంచి వరస కట్టి పోతున్నాయి. తర్వాత వాసన. తొలకరి వాసన కాదు, విరిగిన పాల వాసన.

మూత తీశాను. పాలు, పసుపు, పగిలిన గుడ్డు, నువ్వుల చిమ్మిలి. బెల్లం కరిగి గోనెకి అంటుకుంది. ఎర్రలు తెల్లబడి గోడలెక్కుతున్నాయి. పక్కింట్లోనూ అంతే. ఆ పక్కింట్లో బకెట్ అంచుకి కాల్చిన మతాబా పుల్ల గుచ్చి ఉంది. ముప్పైలో ఇరవై రెండు ఇళ్ళలో పూజ అయిపోయింది. మిగతా ఎనిమిది ఇళ్ళవాళ్ళు స్నానాలకి లేచారు. పరుగెత్తుకెళ్ళి ఆ ఎనిమిదీ ఆపాను. ఆపడానికి ఏం చెప్పానంటే, నాగరాజు పిల్లలు నిద్రపోతున్నాయి, లేపకూడదని. అబద్ధం మీద అబద్ధం. రికార్డు కోసం రాస్తున్నాను.

అప్పలనరసమ్మ వచ్చింది. ఒక బకెట్ మూత తీసి చూసింది. పక్కది చూసింది. వీధి చివర స్వీపరు ఎవరో రోడ్డు ఊడుస్తున్నారు. ఆ దుమ్ము ఎండలో లేస్తుంటే అటే చూసింది.

"ఏటి సెప్పేరు బాబూ ఆళ్ళకి?"

చెప్పాను. నాగరాజు, పిల్లలు, ఉత్తరం వైపు, అన్నీ.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కొంగు నడుముకి బిగించింది. "గోనెలట్టుకురండి. ఎండాకులు తెండి. అప్పారావు బాబుని ట్రాక్టరు తోలమనండి. నాలుగు రోజులున్నాయి కదేటి."

ఆ నాలుగు రోజులూ నేను నా సర్వీసు మొత్తంలో చెయ్యనంత పని చేశాను. ఇది పెంచి చెప్పడం కాదు. ఇంటింటికీ వెళ్ళి బకెట్ గోనె మీద గుమ్మరించాం. పాలలో ముద్దైన పై పొర తీసేశాం. అడుగున, అంచుల్లో పొడిగా మిగిలినచోట ఎర్రలు బంతుల్లా చుట్టుకుని బతికి ఉన్నాయి. వాటిని ఏరి, కొత్త పీచు, ఎండాకులు, పాత పేడ వేసి మళ్ళీ పెట్టాం. కానీ సగానికి సగం పోయాయి. ఇరవై రెండు డబ్బాల్లోనూ పైపైన చూస్తే నాలుగైదు మాత్రమే కదులుతున్నాయి. మేడమ్ మూత తీస్తే చచ్చిన డబ్బా అనే అంటారు.

రెండో రోజు సాయంత్రం అప్పలనరసమ్మ నన్ను షెడ్డులోకి తీసుకెళ్ళి, వెనక మూల తొట్టి మీద గోనె ఎత్తింది. లోపల ఎర్రగా, దట్టంగా, ఉడికించిన సేమ్యాలా కదులుతున్నాయి.

"ఇవెక్కడివి? అన్నీ పంచేశాం కదా?"

"మీరు రెండు గుప్పిళ్ళు ఎయ్యమన్నారు. నానొకటే ఏసినాను."

"ఎందుకు?"

"మీరేటి సెప్పినా సగం తీసీసి పని సేత్తాను బాబూ. పదేళ్ళనించీ అలగే సేత్తన్నాను. లేపోతే ఈ షెడ్డు ఎప్పుడో పోయీది."

నాకు కోపం రావాలి. రాలేదు. పదేళ్ళుగా నా మాట మీద ఎవరో కాపలా ఉన్నారని తెలిస్తే మనిషికి ఒకరకమైన నిద్ర పడుతుంది.

మూత తీసిన రోజు

ఆ తొట్టిలోంచి కావలసినంత తీసి ఇరవై రెండు డబ్బాల్లోనూ కలిపాం, తొట్టిలో ఇంకా మిగిలాయి. నాలుగో రోజు మేడమ్ వచ్చారు. మొదటి నాలుగు డబ్బాలు చూశారు. ఎర్రలు చురుగ్గా ఉన్నాయి. ఐదో డబ్బా మూత తీసి ఆగిపోయారు. లోపలి అంచుకి పసుపు ఉంది. వేలు రాసి చూసుకున్నారు.

"ఇదేంటి? ఏదో పుల్లటి వాసన కూడా వస్తోంది."

నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. రాత్రే కట్టుకుని ఉంచాను. సముద్రపు గాలి, కార్తీకపు తేమ, దానివల్ల ఒకరకం పసుపు బూజు. మంచి అబద్ధం. శాస్త్రీయంగా కూడా వినిపించేది.

"మేడమ్, మొన్న సముద్రం గాలికి..." అని మొదలుపెట్టాను.

అప్పలనరసమ్మ పక్కనే బుట్టతో నిలబడి ఉంది. ఆవిడ నా మొహం చూడడం లేదు, డబ్బా చూస్తోంది. నేనిప్పుడు చెప్పేదాంట్లో కూడా ఆవిడ సగం తీసేస్తుందని తోచింది. అబద్ధంలో సగం తీస్తే ఏం మిగులుతుంది? ఇంకో అబద్ధం మిగులుతుంది. దాంతో ఆవిడ ఏం పని చేసుకుంటుంది?

"కాదు మేడమ్," అన్నాను. మొత్తం చెప్పాను. కరపత్రంలో మాట, నాగరాజు, పాలు, మతాబా పుల్ల. వీధిలో నిలబడి చెప్పాను, గుమ్మాల్లో ఆడవాళ్ళు వింటూనే ఉన్నారు.

మేడమ్ డబ్బా మూత పెట్టేశారు. "అయితే ఇవి కొత్తగా వేసిన ఎర్రలా?"

"సగం పాతవి, సగం కొత్తవి."

"కొత్తవి ఎక్కడివి?"

నేను అప్పలనరసమ్మ వైపు చూపించాను. ఆవిడ తన సగం లెక్క రెండు ముక్కల్లో చెప్పింది. మేడమ్ నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. మిగతా డబ్బాలు చూడకుండా నేరుగా షెడ్డుకి నడిచారు. వెనక తొట్టి గోనె ఎత్తి, చేతి గడియారం తీసి జేబులో వేసుకుని, గుప్పెడు ఎరువు తీసి వాసన చూశారు. ఆవిడ మూర్తిగారిని ఎప్పుడూ చూడలేదు. నాకు మాత్రం గుంట దగ్గరి ఆ ఇస్త్రీ ప్యాంటు గుర్తొచ్చింది.

"షెడ్డు ఉంటుంది," అన్నారు. "మీ ముప్పై డబ్బాలు చూసి కాదు, ఈవిడ దాచిన సగం చూసి ఉంచుతున్నాను. ఇకమీదట ఇళ్ళకి వెళ్ళి మాట్లాడేది అప్పలనరసమ్మ గారు. మీరు బకెట్లు మొయ్యండి."

మిగిలిన సర్వీసు అంతా మోశాను. ఇప్పటికీ నా కుడి భుజం కొంచెం కిందికి ఉంటుంది. పుట్టుకతోనే అంతేనని మా ఇంట్లోవాళ్ళు అంటారు, పట్టించుకోకండి.

ఆవిడకి చెప్పడం

మేడమ్‌కి చెప్పడం తేలిక. పైడితల్లమ్మ గారికి చెప్పడమే కష్టం. పూజ చేసిన మనిషికి నీ దేవుడు నేను కల్పించినవాడని ఎలా చెబుతాం? మర్నాడు అప్పలనరసమ్మ నన్ను ముందు పెట్టుకుని ఆ గుమ్మంలోకి తీసుకెళ్ళింది.

"తప్పు చేశానమ్మా. అవి నాగరాజు పిల్లలు కాదు. ఎర్రలు."

పైడితల్లమ్మ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నాకు తెలీదేటి బాబూ? పాముకీ ఎర్రకీ తేడా తెలీని రైతుబిడ్డనేటి నాను? నాగలెనక నడిసినదాన్ని."

"మరి పాలెందుకు పోశారమ్మా?"

"ఇక్కడ పుట్టలెక్కడున్నాయి? ఎనకాల తుప్పల్లో రెండుండీవి, సదును సేసీసి ఫ్లాట్లు కట్టీసినారు. ఏటేటా ఆటో ఎక్కి ఎక్కడికో ఎల్లాల, ఈ మోకాళ్ళతో ఎక్కలేను, దిగలేను. మీరొచ్చి నాగరాజు పిల్లలన్నారు. ఇంటి ముందుకి పుట్టొచ్చింది కదా, అబద్దమైతే నాకేటి అనుకున్నాను." ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "ఎర్రలు సచ్చిపోతాయని మాత్రం తెలీదు. అది మీరు సెప్పుండాల్సింది."

నిజానికి నేను చెప్పాల్సింది అదొక్కటే. నాగరాజు గురించి అంతసేపు మాట్లాడినవాణ్ణి, పాలు పడితే ఎర్ర చస్తుందని ఒక్క ముక్క చెప్పలేదు. ఆ ఇంట్లో మోసపోయింది నేనొక్కణ్ణే.

పరిష్కారం అప్పలనరసమ్మే చూసింది. మరుసటి ఏడు చవితికి ముందు షెడ్డు గేటు పక్కన బంకమట్టి తెచ్చి, నడుమెత్తు పుట్ట కట్టింది. పైన చిల్లులు, అడుగున నీరు దిగే కాలువ. డబ్బా కట్టే పద్ధతే. "పాలక్కడ, ఎర్రలిక్కడ" అని ఇంటింటికీ తనే చెప్పింది. పైడితల్లమ్మ గారు నడిచి వచ్చి మొదటి చెంబు పోశారు. కార్లు పెట్టుకోవాలనుకున్న చోట ఇప్పుడు చవితినాడు జనం చెప్పులు వదిలి నిలబడతారు. మీలో ఎవరైనా ఆ కాలనీకే ఉద్యోగానికి వస్తే, గేటు దగ్గరున్నది చెదల పుట్ట అనుకుని మందు కొట్టకండి.

ఇంటికెళ్ళి ఎవరికైనా డబ్బా ఇచ్చేటప్పుడు వాళ్ళ ఇంట్లో వాడే మాటే వాడండి. ఎర్రని ఎర్ర అనండి. ఇంతకంటే పెద్ద మాట ఏదీ నా దగ్గర లేదు. ఉందని చెప్పుకుని తిరిగాను గానీ లేదు.

ఈ కాగితాలు రాయడం అయ్యాక షెడ్డుకి వెళ్ళాను. అప్పలనరసమ్మ ఇంకా అక్కడే ఉంది. దగ్గు లేదు. ఆవిడకి చదవడం రాదు, అందుకని తొట్టి గట్టు మీద కూర్చుని మొదటినుంచి చదివి వినిపించాను. ఎర్రలకి ఆకులు సర్దుతూ విన్నది. నాగరాజు దగ్గర కొంచెం నవ్వింది. పుట్ట దగ్గర ఆకులు సర్దడం ఆపి విన్నది. అంతా అయ్యాక చెయ్యి దులుపుకుంది.

"మొదట్ల ఏటన్నారు? ఆరొందల ఇళ్ళా?"

"మూడు వేలు కాదని ఒప్పుకున్నాను కదా నరసమ్మా. ఆరు వందలు."

తొట్టి మీద గోనె కప్పింది.

"సగం రాయండి బాబూ," అంది. "మిగతా సగం ఉంచండి. ఎప్పుడైనా పనికొస్తాది."